పిల్లల పొట్టకు దెబ్బ తగిలాక ఆలస్యంగా బయటపడే పేగు సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల సర్జరీ వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ మా విశాఖలో ఇటు గాజువాక నుంచో అటు భీమిలి నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఊరు మారుతుంది కానీ మాట మారదు. “పడింది ఆదివారం సిస్టర్. ఇవాళ గురువారం. ఇప్పుడు వాంతులేంటి?” ఇదే జవాబు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు, అందుకే రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇది ఇంట్లో వైద్యం చేసుకోవడానికి కాదు, ఎప్పుడు ఆటో ఎక్కాలో తెలియడానికి.

చదివే ముందు ఒక్క పని చేయండి. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్‌లో, దెబ్బ తగిలిన తేదీ గడిలో “బాబు పడ్డాడు, సాయంత్రం 5, హ్యాండిల్ పొట్టకు తగిలింది” అని రాయండి. ఆ ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో వార్డులో చూశాను. అది లేక ఎంత నష్టం జరుగుతుందో మా ఇంట్లోనే చూశాను.

## దెబ్బ తగిలిన రోజు

సైకిల్ హ్యాండిల్ పొట్టలో పొడుచుకుంది. పైకి రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ తప్ప ఏమీ లేదు, లేచి ఆడుకుంటున్నాడు కూడా. ఆసుపత్రికి వెళ్లాలా?

వెళ్లాలి, ఈ రోజే. ఆ గుండ్రటి మచ్చకు నేను చాలా భయపడతాను. మోకాలు చెక్కుకుపోతే అందరూ పరుగెత్తుతారు, ఈ మచ్చను చూసి “ఏం కాలేదులే” అంటారు. హ్యాండిల్ చివర సన్నగా ఉంటుంది కాబట్టి పిల్లాడి బరువంతా ఆ చిన్న చోటే పడుతుంది. ముందు హ్యాండిల్, వెనక వెన్నెముక, మధ్యలో పేగు. రోకలికీ రోలుకీ మధ్య పడ్డట్టే. చర్మం సాగి తప్పించుకుంటుంది కానీ లోపలి పేగు నలిగిపోవచ్చు. ఎక్కువగా నలిగేవి చిన్నపేగు మొదటి భాగం (డాక్టర్లు డుయోడినం అంటారు), దాని తర్వాతి భాగం, ప్యాంక్రియాస్ (కడుపు వెనక ఉండి జీర్ణరసం ఇచ్చే గ్రంథి, క్లోమం). కాలేయం, ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం కూడా చీలవచ్చు. లేచి ఆడుకుంటున్నాడంటే మొదటి గంటలు బాగున్నాయని మాత్రమే అర్థం.

పెద్దవాళ్లకు ఇలాంటి దెబ్బలు తగిలితే ఏమీ కాదు కదా. పిల్లలకే ఎందుకు?

పిల్లల పొట్ట గోడ పలచన, కొవ్వు తక్కువ, కండ ఇంకా గట్టిపడి ఉండదు. పక్కటెముకలు మెత్తగా వంగుతాయి, అందుకే ఎముక విరగకుండానే కింద ఉన్న కాలేయం, ప్లీహం దెబ్బతినవచ్చు. ఇంకొకటి, రక్తం పోతున్నా పిల్లల బీపీ చాలాసేపు నిలబడుతుంది. ముందు నాడి వేగం పెరుగుతుంది, చేతులు, కాళ్లు చల్లబడతాయి. బీపీ పడేది చివర్లో. “బీపీ నార్మలే” అన్న మాట పెద్దవాళ్లలో ఇచ్చినంత ధైర్యం పిల్లల్లో ఇవ్వదు.

స్కూటర్ ముందు పాపను నిలబెట్టుకుని వస్తున్నాం. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సడన్ బ్రేక్ వేస్తే హ్యాండిల్‌కి గుద్దుకుంది. బండి పడలేదు. అయినా చూపించాలా?

బండి పడకపోయినా పాప పొట్టకు తగిలిన దెబ్బ సైకిల్ దెబ్బ లాంటిదే. పొట్ట నొక్కితే నొప్పి అన్నా, మచ్చ కనిపించినా, ఒక్క వాంతి అయినా ఆలస్యం చేయకుండా చూపించండి. ఏమీ లేకపోయినా ఒక డాక్టర్ చెయ్యి పొట్ట మీద పడటం మంచిది. అన్నట్టు, 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టే బెల్టు, పిల్లలకు హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. మన రోడ్ల మీద అది పాటించేవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు.

కారులో బెల్టు పెట్టుకున్న చోట పొట్ట మీద అడ్డంగా గీతలా కమిలింది. బెల్టు కాపాడింది కదా, మళ్లీ టెన్షన్ ఎందుకు?

ప్రాణం కాపాడింది, నిజమే. కానీ పెద్దవాళ్ల కోసం చేసిన బెల్టు పిల్లలకు తొడల మీద కాకుండా పొట్ట మీదికి జారుతుంది. ఆ గీత కనిపించిన పిల్లల్లో పేగు, దాన్ని పట్టి ఉంచే పొర, నడుము దగ్గర వెన్నుపూస దెబ్బతినే అవకాశం ఎక్కువ. అందుకే గీత ఉంటే పొట్టతో పాటు వెన్నెముకను కూడా చూస్తారు. చూడకపోతే అడగండి.

నొప్పికి ఏం ఇవ్వొచ్చు? మా అమ్మ ఆముదం పట్టిస్తే కడుపు శుభ్రమైపోతుంది అంటోంది.

ఆముదం వద్దు. విరేచనం మందు, ఎనీమా కూడా వద్దు. నలిగిన పేగును బలవంతంగా కదిలించకూడదు. డాక్టర్ చూసేదాకా నోటితో ఏమీ ఇవ్వకపోవడమే మేలు, ఆపరేషన్ అవసరమైతే ఖాళీ కడుపు ఉండాలి. చూసి ఇంటికి పంపాక నొప్పికి మామూలుగా ఇచ్చేది పారాసెటమాల్. కిలో బరువుకు 15 మి.గ్రా. చొప్పున, అంటే 20 కిలోల పిల్లాడికి ఒక మోతాదు 300 మి.గ్రా., కనీసం 6 గంటల తేడాతో, రోజుకు 4 సార్లకు మించకుండా. సిరప్ సీసాలు 5 మి.లీ.కి 125, 250 మి.గ్రా. అని రకరకాలుగా వస్తాయి, లేబుల్ చూడండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచవచ్చు కాబట్టి డాక్టర్ చెప్పకుండా ఇవ్వొద్దు.

పొట్టలో ఏదైనా గుచ్చుకుని ఉండిపోతే?

లాగొద్దు. కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి 108కి ఫోన్ చేయండి. పేగు బయటికి వస్తే లోపలికి తోయకుండా, శుభ్రమైన తడిగుడ్డ కప్పి తీసుకెళ్లండి.

## ఆసుపత్రిలో ఉన్నప్పుడు

స్కానింగ్ నార్మల్ అన్నారు. అయినా ఒక రోజు ఉండాలంటున్నారు. బిల్లు కోసమేనా?

ఆ అనుమానం అర్థమవుతుంది, కానీ ఇక్కడ ఉంచేసుకోవడమే సరైన వైద్యం. మామూలు స్కానింగ్ (ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్) పొట్టలో రక్తం, నీరు చేరితే చూపిస్తుంది. పేగులో గాలి ఉంటుంది, ఆ తరంగాలు గాలి దాటి వెళ్లలేవు, కాబట్టి పేగు గోడకు తగిలిన దెబ్బ అందులో కనిపించకపోవచ్చు. దాన్ని పట్టుకునేది డాక్టర్ చెయ్యి. కొన్ని గంటలకోసారి వచ్చి పొట్ట నొక్కి చూస్తారు, నాడి, జ్వరం, మూత్రం చూస్తారు, రక్తపరీక్ష మళ్లీ చేస్తారు. వీలైతే ఒకే డాక్టర్ చూస్తే మరీ మంచిది, పొద్దున మెత్తగా ఉన్న పొట్ట సాయంత్రానికి గట్టిపడిందని ఆ చేతికే తెలుస్తుంది. ఉంచుకుని ఎవరూ రాకపోతే మాత్రం అడగాల్సిందే.

సీటీ తీయిస్తే రేడియేషన్ అంటారు. వద్దని చెప్పొచ్చా?

పొట్టకు దెబ్బ తగిలిన ప్రతి పిల్లకూ సీటీ అక్కర్లేదు. తెలివిగా మాట్లాడుతూ, పొట్ట మెత్తగా ఉండి, నొప్పి, వాంతి, మచ్చ ఏమీ లేకపోతే కనిపెట్టుకుని చూడటం చాలు. కానీ పొట్ట నొక్కితే అరుస్తుంటే, బెల్టు గీతో హ్యాండిల్ మచ్చో ఉంటే, రక్తపరీక్షలో లివర్ ఎంజైములు, లైపేజ్ (ప్యాంక్రియాస్ ఎంజైము) పెరిగి ఉంటే, మూత్రంలో రక్తం కనిపిస్తే ఆ రేడియేషన్ కంటే తెలియకపోవడమే ప్రమాదం. “ఎందుకు తీయిస్తున్నారు?” అని అడగండి. కారణం చెబితే ఒప్పుకోండి.

సీటీ కూడా బాగుందన్నారు. మరి మూడో రోజున పేగుకు చిల్లు పడిందంటే ఎలా నమ్మాలి? మొదట్లోనే తప్పు చూశారా?

కొన్నిసార్లు చూడటంలో తప్పు ఉంటుంది. చాలాసార్లు ఉండదు, ఎందుకంటే మొదటి రోజు చిల్లే లేదు. పేగు గోడ కమిలితే, లేదా దానికి రక్తం తెచ్చే నాళాలు ఉన్న పొర చిరిగితే, ఆ ముక్కకు రక్తం తగ్గిపోతుంది. జామపండు కింద పడితే తగిలిన చోటు ఆ రోజు బాగానే ఉండి, రెండు రోజులకు మెత్తబడి కుళ్లుతుంది చూడండి, అలాగే గోడ కూడా నెమ్మదిగా చచ్చిపోయి అప్పుడు చిల్లు పడుతుంది. మొదటి రోజే చిన్న చిల్లు పడినా, చిన్నపేగు పైభాగంలోని ద్రవంలో క్రిములు తక్కువ కాబట్టి జ్వరం, పొట్ట గట్టిపడటం పైకి తేలడానికి గంటలు, ఒక్కోసారి రోజంతా పడుతుంది. సీటీ రిపోర్టులో కాలేయం, ప్లీహం బాగున్నాయి కానీ “పొట్టలో కొంచెం నీరు ఉంది” అని రాసి ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ నీరు ఎక్కడిదో తేలేదాకా పిల్లాడిని ఇంటికి తీసుకెళ్తామని పట్టుబట్టొద్దు.

నీళ్లు కూడా ఇవ్వొద్దంటున్నారు. గొంతెండి ఏడుస్తున్నాడు, చూడలేకపోతున్నాం.

సెలైన్ ఎక్కుతోంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గదు. పెదాలు తడిగుడ్డతో తుడవండి, వాసెలిన్ రాయండి, పక్క మంచం వాళ్లు భోజనం చేసేటప్పుడు వరండాలోకి తీసుకెళ్లండి. దొంగతనంగా బిస్కెట్ పెట్టే తాతయ్యలను, అమ్మమ్మలను మా వార్డులో చాలామందిని పట్టుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ ఆ బిస్కెట్ వల్ల ఆపరేషన్ గంటలు వాయిదా పడవచ్చు.

ఎలా తగిలింది, ఎవరున్నారు అని నలుగురు డాక్టర్లు నాలుగుసార్లు అడిగారు. మమ్మల్ని అనుమానిస్తున్నారా?

అడగడం వాళ్ల పని. పొట్ట మీద గుద్దినా, తన్నినా చిన్నపేగుకు సరిగ్గా హ్యాండిల్ దెబ్బ లాంటిదే తగులుతుంది, ముఖ్యంగా నడక వచ్చీరాని పిల్లల్లో. అందుకే చెప్పిన కథ, కనిపిస్తున్న దెబ్బ సరిపోతున్నాయా అని చూస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పిల్లలు కూడా తిడతారని భయపడి పడ్డ సంగతి దాచేస్తారు. “తిట్టను, చెప్పు నాన్నా” అని ఒంటరిగా అడిగితే గోడ దూకడమో, అన్నయ్య తన్నడమో బయటపడుతుంది. ఇంట్లోనో బడిలోనో ఎవరైనా కొడుతున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

## ఇంటికి వచ్చాక మొదటి పది రోజులు

ఏం కనిపిస్తే అర్ధరాత్రి అయినా బయల్దేరాలి?

ఆకుపచ్చ వాంతి. పొట్ట ఉబ్బి పలకలా గట్టిపడటం. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం. దెబ్బ తగిలిన రెండో, మూడో రోజు కొత్తగా జ్వరం. మలంలో, వాంతిలో, మూత్రంలో రక్తం. ఎడమ భుజం చివర నొప్పి అనడం, అది ప్లీహం చీలినప్పుడు వస్తుంది. మత్తుగా పడుకుని ఉండటం, చల్లటి చెమట, చేతులు చల్లబడటం, 8 గంటలుగా మూత్రం పోయకపోవడం. ఇక పిల్లాడు వంగి నడుస్తున్నా, దగ్గినప్పుడు పొట్ట పట్టుకుంటున్నా, గుంతలో ఆటో ఎగిరితే అరిచినా పొట్ట లోపలి పొర వాచి ఉండవచ్చు. వీటిలో ఒక్కటి చాలు, రెండోదాని కోసం ఎదురుచూడకండి. ఇవేవీ లేకుండానే “వీడు వీడిలా లేడు” అని తల్లికి అనిపించినా రండి, నర్సుగా నేను ఆ మాటకు థర్మామీటరుకు ఇచ్చినంత విలువ ఇచ్చాను.

వాంతి పసరులా పచ్చగా అయ్యింది. అందరూ పైత్యం అంటున్నారు. నిమ్మరసం ఇస్తే తగ్గదా?

తగ్గదు. పసరు అంటే కాలేయం నుంచి చిన్నపేగులోకి వచ్చే ద్రవం. అది పైకి తన్నుకొస్తోందంటే కింద దారి మూసుకుపోయిందేమో అని ముందు అనుమానించాలి. పొట్టకు దెబ్బ తగిలిన పిల్లాడు పసరు కక్కితే పేగు సమస్య కాదని తేలేదాకా అది పేగు సమస్యే. వాంతిని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. “పచ్చగా” అంటే కొందరికి పసుపు, కొందరికి ఆకుపచ్చ. ఫొటో ఉంటే వాదన ఉండదు.

డుయోడినంలో రక్తం గడ్డ కట్టిందట. ఆపరేషన్ వద్దు, రెండు వారాలు ముక్కులో పైపుతో ఉండాలన్నారు. ఇదేం వైద్యం?

మంచి వైద్యమే. పేగు గోడ పొరల మధ్య రక్తం చేరి గడ్డలా ఉబ్బుతుంది, లోపలి దారి మూసుకుపోతుంది. ఆ ఉబ్బు ఒకటి నుంచి మూడు రోజుల్లో పెరుగుతుంది, అందుకే మొదటి రోజు తిన్న పిల్లాడు మూడో రోజు నీళ్లు కూడా కక్కేస్తాడు. చాలామందిలో అది ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే కరిగిపోతుంది. అప్పటిదాకా ముక్కు పైపుతో కడుపు ఖాళీ చేస్తారు, బలం నరం ద్వారా ఇస్తారు. కరగకపోతేనో, చిల్లు ఉందని తేలితేనో ఆపరేషన్. పైపులోంచి రోజూ వచ్చే పసరు తగ్గుతుంటే దారి తెరుచుకుంటోందని గుర్తు. మా వార్డులో పిల్లలు ఆ సంచి చూసి వాళ్లే లెక్క చెప్పేవాళ్లు.

పొట్టలో నరం పట్టేసింది, నూనె పెట్టి తోమిస్తే పోతుందని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఎలా కాదనాలి?

అత్తగారితో గొడవ పడకండి. “డాక్టర్ పొట్ట ముట్టుకోవద్దన్నారు అత్తయ్యా, నెల అయ్యాక చూద్దాం” అనండి. కమిలిన పేగు మీద గట్టిగా తోమితే ఆగిన రక్తం మళ్లీ కారవచ్చు, బలహీనపడిన గోడ చిరగవచ్చు. దిష్టి తీయాలంటే తీయనివ్వండి, దానికి పొట్ట ముట్టుకోనక్కర్లేదు.

రెండు రోజులుగా మోషన్ లేదు. భయపడాలా?

తినడమే తక్కువైనప్పుడు రెండు రోజులు రాకపోవచ్చు. గాలి పోతోందా చూడండి. గాలి కూడా పోక, పొట్ట ఉబ్బి, వాంతి తోడైతే ఆసుపత్రికి.

ఏం తినిపించాలి?

డాక్టర్ తినమన్నాక ముందు గంజి, జావ, కొబ్బరి నీళ్లు కొంచెం కొంచెంగా, నిలిస్తే ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం. బలం రావాలని మొదటి రోజే మటన్ సూప్ పోయకండి. ఏది పెట్టారు, ఎంతసేపటికి నొప్పి వచ్చింది అన్నది రాసుకుంటే డాక్టర్‌కు పనికొస్తుంది.

## రెండో వారం నుంచి మూడో నెల దాకా

పడి నెల అయ్యింది. ఇప్పుడు తిన్న గంటకు కడుపు మెలిపెడుతోందంటాడు, అప్పుడప్పుడు వాంతి. అప్పటి దెబ్బకూ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. పేగుకు రక్తం తగ్గినప్పుడు అన్నిసార్లూ చిల్లు పడదు. లోపలి పొర పుండై, ఆ పుండు మానుతూ మచ్చ కడుతుంది, మచ్చ ముడుచుకుని పేగు సన్నబడుతుంది. ఇలా సన్నబడటాన్ని స్ట్రిక్చర్ అంటారు. మామూలుగా ఇది దెబ్బ తగిలిన రెండు వారాల నుంచి రెండు నెలల మధ్య బయటపడుతుంది, ఇంకా ఆలస్యంగా కూడా రావచ్చు. మొదట్లో ద్రవాలు దిగుతాయి, అన్నం, చపాతీ ఆగుతాయి. తిన్నాక మెలిపెట్టే నొప్పి, పొట్టలో గుడగుడ శబ్దం, ఒక వాంతి కాగానే హాయి. తర్వాత తిండి అంటేనే భయం, బరువు తగ్గడం.

మా తమ్ముడి కొడుకుకు అప్పుడు ఏడేళ్లు. బీచ్ రోడ్డు పక్కన సైకిల్ తొక్కుతూ పడ్డాడు, హ్యాండిల్ బొడ్డు పక్కన పొడిచింది. ఒక రోజు ఆసుపత్రిలో ఉంచి పంపేశారు. మూడో వారంలో నొప్పి మొదలైతే వాళ్ల నానమ్మ దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్లింది, గ్యాస్ అని సిరప్ ఇచ్చారు. పడిన సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మా అమ్మా చెప్పలేదు. మా తమ్ముడు నాకు ఫోన్ చేస్తే, ఇన్నేళ్ల అనుభవం ఉన్న నేను “బజ్జీలు, పానీపూరీ మానిపించు” అన్నాను. తొమ్మిది రోజులు అలా పోయాయి. స్కూల్ నిక్కరుకు పిన్నీసు పెట్టాల్సి వస్తోందని మరదలు అన్నప్పుడు వెలిగింది నాకు. ఆపరేషన్‌లో చూస్తే ఒక వేలెడు పొడుగున పేగు పెన్సిలంత సన్నబడి ఉంది.

అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, దగ్గుకు వెళ్లినా సరే, మూడు నెలల దాకా మొదటి మాటగా “ఫలానా తేదీన పొట్టకు దెబ్బ తగిలింది” అని చెప్పండి.

స్ట్రిక్చర్ అని అనుమానిస్తే ఏ పరీక్షలు చేస్తారు? మందులతో పోదా?

నిలబెట్టి తీసే ఎక్స్‌రే, ఆ తర్వాత తాగించే మందుతో ఎక్స్‌రేలు గానీ సీటీ గానీ తీస్తే ఎక్కడ సన్నబడిందో తెలుస్తుంది. దారి మూసుకునేంతగా మచ్చ కట్టిన పేగు మందులతో వెడల్పు కాదు. ఆ ముక్క తీసి రెండు కొసలు కలిపి కుడతారు. కొన్నిచోట్ల లాపరోస్కోపీతో చిన్న కోతతోనే చేస్తారు.

పేగు ముక్క తీసేస్తే పిల్లాడు ఎదుగుతాడా?

ఎదుగుతాడు. చిన్నపేగు మీటర్ల కొద్దీ ఉంటుంది, తీసేది మామూలుగా కొన్ని సెంటీమీటర్లు. మా మేనల్లుడు ఇప్పుడు నాకంటే ఎత్తు.

నెల తర్వాత పొట్ట పైభాగంలో ఉబ్బులా ఉంది, తినగానే నిండిపోయిందంటోంది. ఇదేంటి?

ప్యాంక్రియాస్ నలిగి ఉంటే అందులోంచి కారిన రసం సంచిలా చేరుతుంది. దీన్ని సూడోసిస్ట్ అంటారు, పూర్తిగా సంచి కట్టడానికి దాదాపు 4 వారాలు పడుతుంది. కడుపు మీద ఒత్తుకుని వాంతులు, వెనక్కి పాకే నొప్పి వస్తాయి. స్కానింగ్‌లో బాగా కనిపిస్తుంది. చిన్నవి చాలావరకు వాటంతట అవే పోతాయి. పెద్దవైనా, నొప్పి పెడుతున్నా, చీము పట్టినా ఖాళీ చేస్తారు.

బడికి ఎప్పుడు పంపాలి? ఆటలు?

తిండి సరిగా తిని, నొప్పి లేకుండా నడుస్తుంటే బడికి పంపవచ్చు. బరువైన బ్యాగ్ కొన్నాళ్లు మీరే మోయండి. ఆటల విషయం ఏ అవయవానికి తగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్లీహం, కాలేయం చీలితే పిల్లల సర్జన్లు వాడే లెక్క ఒకటుంది. గాయం గ్రేడ్‌కు (ఎంత తీవ్రమో చెప్పే అంకె, రిపోర్టులో ఉంటుంది) 2 కలిపి, అన్ని వారాలు గెంతులు, కబడ్డీ, సైకిల్ బంద్. గ్రేడ్ 3 అయితే 5 వారాలు. పేగు ఆపరేషన్ అయితే డిశ్చార్జ్ కాగితం మీద ఎన్ని వారాలో రాయించుకోండి. పీటీ మాస్టారికి కూడా ఒక చీటీ పంపండి, పిల్లలు తమంతట తాము చెప్పరు.

## ఆపరేషన్ అయిన పిల్లలు

ఆపరేషన్ అయ్యి ఆరో రోజు. జ్వరం వచ్చింది, మళ్లీ తినడం మానేసింది. కుట్టు చీము పట్టిందా?

కావచ్చు, కానీ ఆపరేషన్ తర్వాతి ఈ మొదటి రోజుల్లో అంతకంటే ముందు చూసేది లోపల పేగు కలిపిన చోటు కారుతోందా అని. అలా కారడం మామూలుగా మొదటి వారంలోనే తెలుస్తుంది. జ్వరంతో పాటు నాడి వేగం, పొట్ట నొప్పి పెరిగితే ఇంట్లో ఉంటే వెంటనే అదే ఆసుపత్రికి వెళ్లండి. మొదటి రెండు వారాల్లో పేగు ఒకదానిలోకి ఒకటి దూరడం కూడా అరుదుగా జరుగుతుంది, అప్పుడూ వాంతులే గుర్తు.

పొట్ట మీద మలం చేరే సంచి పెట్టారు. జీవితాంతం ఇలాగేనా?

చాలావరకు తాత్కాలికమే. గాయపడిన పేగుకు విశ్రాంతి ఇవ్వడానికి పెడతారు, సాధారణంగా రెండు, మూడు నెలల్లో మూసేస్తారు. సంచి చుట్టూ చర్మం ఎర్రబడకుండా చూసుకోవడం, నీళ్లలా ఎక్కువ కారితే ఒళ్లు ఎండిపోకముందే చెప్పడం మీ వంతు. సంచి మార్చడం డిశ్చార్జ్‌కు ముందు నర్సు ముందే ఒకసారి మీ చేత్తో చేసి చూపించండి.

ఆపరేషన్ అయ్యి ఏడాదిన్నర. నిన్న రాత్రి నుంచి మెలిపెట్టే నొప్పి, పసరు వాంతులు. పాత ఆపరేషన్ వల్ల వస్తుందా?

వస్తుంది, వెంటనే బయల్దేరండి. పొట్ట ఒకసారి తెరిచాక పేగుల మధ్య అతుకులు ఏర్పడతాయి. చాలామందికి వాటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కొందరిలో ఒక అతుకు చుట్టూ పేగు మెలితిరిగి దారి మూసుకుంటుంది. మొదటి రెండేళ్లలో ఎక్కువ, కానీ ఎన్నేళ్లకైనా రావచ్చు. చాలాసార్లు ముక్కు పైపు, సెలైన్‌తో విడిపోతుంది. పేగుకు రక్తం ఆగిందని అనుమానం వస్తే ఆపరేషన్ ఆపకూడదు. కుట్టు మచ్చ ఉన్న పిల్లాడి కడుపునొప్పికి మెడికల్ షాపులో మందు కొనకండి.

## దూరం, డబ్బు, కాగితాలు

మాది పాడేరు వైపు. దగ్గర్లో చూపించాలా, నేరుగా విశాఖ రావాలా?

ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, సెలైన్ పెట్టించుకుని, 108లో రండి. వంద కిలోమీటర్లు దాటిన, మధ్యలో ఘాట్ ఉన్న దారిలో సెలైన్ కూడా లేకుండా సొంత జీపులో రావడం మంచిది కాదు. నగరంలో కేజీహెచ్‌లో (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది. ప్రైవేటుకు వెళ్తే “పిల్లల సర్జన్ ఉన్నారా?” అని ఫోన్‌లోనే కనుక్కోండి. పిల్లల డాక్టర్ వేరు, పిల్లల సర్జన్ వేరు. డిశ్చార్జ్ అయ్యాక కూడా, ఇల్లు దూరమైతే మొదటి వారం నగరంలో చుట్టాల ఇంట్లో ఉండగలిగితే ఉండండి.

డబ్బు కట్టకపోతే, పోలీసులకు చెప్పకపోతే చూడం అంటారేమో?

అనకూడదు. అత్యవసర చికిత్సకు కాగితాలు, కేసు అడ్డు కాకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. రోడ్డు ప్రమాదమైతే ఆసుపత్రి వాళ్లే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, పోలీసులకు తెలిపే నమోదు) రాస్తారు, అది మీ మీద కేసు కాదు.

రోడ్డు ప్రమాదాలకు ఉచిత చికిత్స పథకం ఉందట కదా?

ఉంది. 2025 మే నుంచి, మోటారు వాహనం వల్ల గాయపడినవారికి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు. నా ఫిర్యాదు ఆ ఏడు రోజుల మీదే. మూడో వారంలో సన్నబడే పేగుకు అది అందదు. సొంతంగా సైకిల్ మీంచి పడిన పిల్లలకు అసలే వర్తించదు. వాళ్లకు ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. చేరిన రోజే అడగండి, డిశ్చార్జ్ రోజు కాదు.

ఏ కాగితాలు దాచుకోవాలి?

మొదటి రోజు ఓపీ చీటీ, సీటీ ఫిల్ములు లేదా సీడీ, డిశ్చార్జ్ కాగితం, ఆపరేషన్ అయితే ఏం చేశారో రాసిన నోట్. ఫోన్‌లో ఫొటోలు తీసి ఇద్దరి దగ్గర ఉంచండి.

ఇంత జరిగాక సైకిల్ అమ్మేయమంటారా?

అక్కర్లేదు. హ్యాండిల్ రెండు కొసలూ చూడండి. రబ్బరు గ్రిప్పు అరిగి ఇనుప గొట్టం అంచు బయటికి కనిపిస్తుంటే, ఈ సాయంత్రమే సైకిల్ షాపుకు తీసుకెళ్లి కొస మూసి ఉండే మందపాటి గ్రిప్పులు వేయించండి. హ్యాండిల్ గిర్రున తిరిగిపోకుండా నట్టు బిగించమనండి. సీటు ఎత్తు కూడా చూడండి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. మా మేనల్లుడి సైకిల్‌కు ఎడమ గ్రిప్పు అప్పటికి ఆరు నెలలుగా లేదు.